మీటింగ్‌లో కూర్చునే ముందు, లేచే ముందు
పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఆఫీసు మీటింగుల గురించి వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాం. రాసినవాళ్లలో సాఫ్ట్‌వేర్ వాళ్లున్నారు, మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లున్నారు, కాలేజీ లెక్చరరున్నారు, బట్టల షాపుల యజమాని ఉన్నారు. ఊళ్లు వేరు, ఉద్యోగాలు వేరు. బాధ మాత్రం దాదాపు ఒకటే: అంతసేపు కూర్చున్నాం, లేచాక ఏం తేలిందో ఎవరికీ తెలియదు. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి హోదా, ఊరు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: నా టీములో 11 మంది. రోజూ పొద్దున 10:30కి స్టాండప్ (నిలబడి చేసుకునే చిన్న మీటింగ్). పావుగంటలో అయిపోవాల్సింది 50 నిమిషాలు పడుతోంది. ఎవరినైనా మధ్యలో ఆపాలంటే మొహమాటం. ఏం చేయాలి?
– టీమ్ లీడ్, గచ్చిబౌలి

ముందు లెక్క చూడండి. రోజుకు 35 నిమిషాలు అదనం. 11 మందికి 385 నిమిషాలు, అంటే ఇంచుమించు ఆరున్నర గంటలు. నెలకు 22 పనిదినాలు అనుకుంటే 141 గంటలు. ఒక మనిషి పదిహేడున్నర రోజులు చేసే పని అక్కడ కరిగిపోతోంది. ఈ అంకెను టీముకి చెప్పండి. తప్పెవరిదో తేల్చడానికి కాదు, ఆ సమయం వాళ్లకే మిగలాలని.

ఇలా సాగడానికి మొదటి కారణం, ఒక్కొక్కరూ మీకు లెక్క అప్పజెప్పడం. "నిన్న ఇది చేశాను, ఇవాళ ఇది చేస్తాను, అడ్డంకులేం లేవు" అని వరసగా చెప్పుకుంటూ పోతారు. లీడ్ ముందు తక్కువ చేసినట్టు కనిపించడం ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి ప్రతివాళ్లూ ఇంకో రెండు వాక్యాలు కలుపుతారు. స్క్రమ్ (సాఫ్ట్‌వేర్ టీములు ఎక్కువగా వాడే పని పద్ధతి) నియమాల పుస్తకమైన స్క్రమ్ గైడ్ 2020 సవరణలో నిన్న, ఇవాళ, అడ్డంకులు అన్న ఆ మూడు ప్రశ్నలనూ తీసేశారు. 15 నిమిషాల హద్దు, రోజూ అదే వేళ, అదే చోటు అన్నవి మాత్రం ఉంచారు. చాలా టీములు తీసేసినదాన్ని పట్టుకుని, ఉంచినదాన్ని వదిలేశాయి.

రేపటి నుంచి మనిషిని కాకుండా పనిని అడగండి. బోర్డు (ఒక్కో పనికి ఒక కార్డు, ఒక్కో దశకు ఒక గడి ఉండే పట్టిక) తెరిచి కుడివైపు నుంచి మొదలుపెట్టండి: ముందు టెస్టింగ్‌లో ఉన్నవి, తరువాత రివ్యూలో ఉన్నవి, ఆఖరున నడుస్తున్నవి. పూర్తికి దగ్గరగా ఉన్నదాన్ని ముందు దాటించాలి. కొత్తది మొదలుపెట్టడం కన్నా అది ముఖ్యం. ప్రతి కార్డు దగ్గరా ఒక్కటే ప్రశ్న: "ఇది ఇవాళ పక్క గడిలోకి వెళ్లాలంటే ఏం కావాలి?" నిన్న కదిలిన కార్డుల గురించి మాట్లాడక్కర్లేదు. రెండు రోజులుగా కదలనివాటి దగ్గర ఆగండి. అలాంటివి ఆరేడు ఉన్నా, ఒక్కోదానికి నిమిషంన్నర చొప్పున పది నిమిషాల్లో అయిపోతాయి.

రెండో కారణం, అక్కడికక్కడే చిక్కుముడి విప్పడం. పేమెంట్ గేట్‌వే టైమవుట్ గురించి ఇద్దరు మొదలుపెడతారు, తొమ్మిది మంది ఫోన్లు తీస్తారు. అలాంటిది రాగానే బోర్డు పక్కన "పేమెంట్ టైమవుట్ – ఫలానా ఇద్దరు – 10:45" అని రాసి ముందుకు వెళ్లండి. టైము తప్పకుండా రాయాలి. "తరువాత మాట్లాడుకుందాం" అని వదిలేస్తే వారం తిరిగేసరికి ఆ మాటలు జరగడం మానేస్తాయి, అప్పుడు మళ్లీ అందరూ స్టాండప్‌లోనే మొదలుపెడతారు.

ఆపడానికి మొహమాటం అన్నారు. ఆ నియమాన్ని ముందు రోజే చెప్పండి: "ఎవరి మాటైనా రెండు నిమిషాలు దాటితే పక్కన రాసుకుని ముందుకు వెళ్తాను, నా మాటతో సహా." ముందు చెప్పి ఆపితే ఎవరూ నొచ్చుకోరు. మొదటి రోజు మిమ్మల్ని మీరే ఆపుకోండి. ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసం మళ్లీ మొదటి నుంచి చెప్పకండి. మీ పైవాళ్లు కాల్‌లో ఉంటే అందరూ మళ్లీ లెక్క అప్పజెప్పడం మొదలుపెడతారు. బోర్డు చూసే వీలు వాళ్లకిచ్చి, స్టాండప్‌కి రావద్దని మర్యాదగా కోరండి.

ఇంకొకటి. స్క్రమ్ గైడ్ ప్రకారం టీమ్ సాధారణంగా 10 మంది, లేదా అంతకన్నా తక్కువ. మీ 11 మందిలో ఒకరి పనితో ఇంకొకరికి సంబంధం లేని రెండు గుంపులుంటే రెండు స్టాండప్‌లుగా విడగొట్టండి.

ప్రశ్న: టాబ్లెట్లు తయారుచేసే యూనిట్‌లో పనిచేస్తున్నాను. రోజూ 9:15కి మార్నింగ్ మీటింగ్. ప్రొడక్షన్, క్యూసీ (శాంపిళ్లు పరీక్షించేవాళ్లు), క్యూఏ (నాణ్యత పద్ధతులు చూసి సంతకం పెట్టేవాళ్లు), ఇంజనీరింగ్, స్టోర్స్ అందరం వస్తాం. రోజూ ఒకరి మీద ఒకరు చెప్పుకోవడంతోనే గంట గడిచిపోతుంది.
– ప్రొడక్షన్ మేనేజర్, జడ్చర్ల

మీరు కొట్లాడుకుంటున్నది చాలావరకు అంకెల గురించి అయ్యుంటుంది. "మూడు బ్యాచ్‌ల శాంపిళ్లు పంపాం" అని మీరు, "రెండే అందాయి" అని క్యూసీ. రిజిస్టర్ చూస్తే అర నిమిషంలో తేలే సంగతి కోసం పదిమంది పావుగంట అరుచుకుంటారు. అంకెలు మీటింగులో నోటితో రాకూడదు. 8:45కల్లా బోర్డు మీద ఉండాలి. రిజిస్టర్లు చూసి నింపే పని ఒక్కరిదే అయ్యుండాలి, వారం వారం మారుతూ.

బోర్డు మీద ఆరు గడులు చాలు: బ్యాచ్ నంబరు, ఏ దశలో ఉంది, ఎందుకు ఆగింది, ఎప్పటి నుంచి, ఎవరు కదిలించాలి, ఎన్ని గంటలకల్లా. ఉదాహరణకు ఒక వరస ఇలా ఉంటుంది: "ఫలానా బ్యాచ్ – కంప్రెషన్ (పొడిని టాబ్లెట్‌గా నొక్కే దశ), 2వ మెషిన్ – పంచ్ సెట్ (నొక్కే అచ్చులు) రాలేదు – నిన్న రాత్రి 11:20 నుంచి – ఫలానా ఇంజనీరు – ఇవాళ 12 గంటలు." వీటిలో "ఎప్పటి నుంచి" అన్న గడి అన్నిటికన్నా విలువైనది. చాలా ఫ్యాక్టరీల్లో ఆ గడే ఉండదు. పది గంటలుగా ఆగిన బ్యాచ్, పది నిమిషాల కింద ఆగిన బ్యాచ్ మాటల్లో ఒకేలా వినిపిస్తాయి.

"ఎవరు" అన్న గడిలో డిపార్ట్‌మెంట్ పేరు రాయకండి. "క్యూసీ చూస్తుంది" అని రాస్తే క్యూసీలో ఎనిమిది మందీ పక్కవాళ్లు చూస్తున్నారనుకుంటారు. ఆ గదిలో ఉన్న మనిషి పేరే రాయాలి. చేయాల్సిన మనిషి గదిలో లేకపోతే అతనికి చెప్పే బాధ్యత తీసుకున్నవాళ్ల పేరు రాయండి. అనుకున్నవేళకు పని కాకపోతే పాత తేదీని తుడవకండి. గీత కొట్టి పక్కన కొత్తది రాయండి. ఒకే వరసలో రెండు గీతలు పడితే ఆ విషయం ఆ మనిషి చేయి దాటిపోయిందని అర్థం. ఆ రోజు నుంచి అది ప్లాంట్ హెడ్ పని. ఇది శిక్ష కాదని మొదటే చెప్పండి. పంచ్ సెట్ రాకపోవడం ఇంజనీరు తప్పు కాకపోవచ్చు, కొనుగోలు ఆర్డరే సంతకం కాకుండా ఆగి ఉండొచ్చు.

క్రమం కూడా ముఖ్యం. మొదటి రెండు నిమిషాలు భద్రతకి: ఎవరికైనా దెబ్బ తగిలిందా, ఎక్కడైనా లీకయిందా, త్రుటిలో తప్పిన ప్రమాదం ఏదైనా ఉందా. తరువాత ఆగిన బ్యాచ్‌లు. ఆ తరువాత ఇవాళ్టి ప్లాన్. చివర రేపటికి కావాల్సిన ముడిసరుకు, ప్యాకింగ్ మెటీరియల్. భద్రతను చివరకు పెడితే అది ఎప్పుడూ "ఏం లేదు సర్"తో ముగుస్తుంది. ఇరవై నిమిషాలు, బోర్డు దగ్గర నిలబడి చేయండి. ఏసీ హాల్లో కుర్చీలేసుకుని, టీ వచ్చిందాకా కూర్చునే మీటింగ్ కాదిది.

మీ ఉత్తరంలో లేని ఒక లోపం కూడా ఉండే అవకాశం ఎక్కువ. రాత్రి షిఫ్ట్ పొద్దున 6కి దిగిపోతుంది. రాత్రి రెండింటికి గ్రాన్యులేషన్‌లో (పొడిని చిన్న పలుకులుగా చేసే దశలో) ఏమైందో కళ్లారా చూసిన మనిషి 9:15కి ఇంట్లో నిద్రపోతుంటాడు. మీటింగులో ఉన్నవాళ్లంతా విన్నవాళ్లే. అందుకే గొడవ. పొద్దున 9:30కి అతనికి ఫోన్ చేసి నిద్ర లేపడం మందు కాదు. షిఫ్ట్ అప్పగించేటప్పుడే ఇద్దరు ఇన్‌చార్జిలూ మెషిన్ దగ్గర పది నిమిషాలు కలిసి నిలబడి, హ్యాండోవర్ పుస్తకంలో మూడు సంగతులు రాయాలి: ఏది ఆగింది, ఎన్ని గంటలకు, ఏం చేసి చూశాం. బోర్డు నింపేవాళ్లు ముందు చూడాల్సింది ఆ పుస్తకమే.

ఒక హెచ్చరిక. అసలు కారణం ఏమిటన్న విచారణ ఈ మీటింగులో పెట్టుకోకండి. డీవియేషన్‌కి (రాసిపెట్టిన పద్ధతి తప్పినదానికి) దాని పద్ధతి దానికుంది. పొద్దున తేలాల్సింది రెండే: ఇవాళ ఆ బ్యాచ్‌ని ఏం చేయాలి, విచారణ ఎవరు మొదలుపెడతారు. అలాగే హోల్డ్ టైమ్ (నిల్వ ఉంచదగ్గ గడువు) దాటిన బ్లెండ్ (కలిపిన పొడి) గురించి ఎవరైనా పెద్దాయన "సరే, కానివ్వండి" అంటే అది అనుమతి కాదు. క్యూఏ సంతకంతో కాగితం మీద లేనిది జరగనట్టే లెక్క, ఆడిట్‌లో అడిగేది కాగితాన్నే. ఈ ఒక్క మాట క్యూఏ వాళ్లు గట్టిగా చెప్పగలిగే వాతావరణం ఆ మీటింగులో ఉండాలి.

ప్రశ్న: మా క్లయింట్ అమెరికాలోని డల్లాస్‌లో. కాల్‌లో వాళ్లు "ఏమైనా ప్రశ్నలున్నాయా" అంటే మా టీమ్ అంతా మౌనం. తరువాత "మీరు ఒప్పుకున్నారు కదా" అంటారు. మేము ఎప్పుడు ఒప్పుకున్నామో మాకే అర్థం కాదు.
– టెస్ట్ ఇంజనీర్, విశాఖపట్నం

ఒప్పుకున్నారు, మీకు తెలియకుండా. మనకు ఊఁ కొట్టడం అంటే "వింటున్నాను, చెప్పండి" అని. కథ వింటూ ఊఁ కొట్టినట్టే ఆఫీసు కాల్‌లో "యా, ఓకే, ష్యూర్" అంటాం. అవతలివాళ్లకు అది "సరే, చేస్తాం"గా వినపడుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు, రెండు అలవాట్లు ఎదురుపడ్డాయంతే. కాబట్టి "ఓకే" అన్న మాటను నిజంగా ఒప్పుకున్నప్పటికే దాచుకోండి. వింటున్నప్పుడు "రాసుకుంటున్నాం, రేపు మీ పొద్దుటికల్లా ఖాయంగా చెబుతాం" అన్న వాక్యాన్ని ఇంగ్లీషులో అందరూ నోటికి తెచ్చుకోండి.

మౌనానికి మందు కాల్‌కి ముందే వేయాలి. సాయంత్రం 5కి మీలో మీరు పదిహేను నిమిషాలు తెలుగులో మాట్లాడుకోండి. క్లయింట్‌ని అడగాల్సినవి మూడు ప్రశ్నలు తేల్చి, ఇన్వైట్‌లోనే పెట్టేయండి. ఏ ప్రశ్న ఎవరు అడగాలో కూడా అప్పుడే అనుకోండి. పని చేసినవాళ్లే అడగాలి, లీడ్ అందరి తరఫునా మాట్లాడితే మిగతావాళ్ల నోరు ఎప్పటికీ పెగలదు. ఇంగ్లీషు గురించి బెరుకున్నవాళ్లు ప్రశ్నను చాట్‌లో టైపు చేసి, దాన్నే చదవచ్చు. అందులో చిన్నతనం లేదు, పైగా రాతపూర్వకంగా మిగులుతుంది.

కాల్ అయ్యాక అరగంటలోపు నాలుగు లైన్ల మెయిల్ వెళ్లాలి: ఏం తేలింది, ఏది ఎవరి పని, ఎప్పటికి, ఇంకా తేలనిది ఏమిటి. "ఎప్పటికి" దగ్గర జాగ్రత్త. డల్లాస్‌వాళ్లు "శుక్రవారం సాయంత్రానికి" అంటే వాళ్ల 5 గంటలు. మనకది శనివారం తెల్లవారుజాము 4:30, వాళ్ల వేసవిలో అయితే 3:30. మెయిల్‌లో రెండు టైములూ రాయండి. తేదీని అంకెల్లో 04/05 అని రాయకండి. మనకు అది మే 4, వాళ్లకు ఏప్రిల్ 5. నెల పేరు అక్షరాల్లో రాస్తే ఆ చిక్కే రాదు.

గడియారాల సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి. 2026లో అవి మార్చి 8, నవంబరు 1. డల్లాస్ పొద్దున 9 మనకు చలికాలంలో రాత్రి 8:30, వేసవిలో 7:30. ఇన్వైట్‌ని మన టైములో సృష్టిస్తే మార్చి తరువాత కూడా మనకు 8:30కే ఉంటుంది, వాళ్లకు మాత్రం 10 అవుతుంది. ఏటా మార్చి రెండో వారంలో వచ్చే గందరగోళం ఇదే. క్లయింట్ టైమ్ జోన్‌లో ఇన్వైట్ పెట్టండి. లండన్‌వాళ్లు కూడా కాల్‌లో ఉంటే ఇంకో మెలిక: వాళ్లు జరిపేది మార్చి, అక్టోబరుల చివరి ఆదివారాల్లో. అంటే మార్చిలో రెండు మూడు వారాలు, అక్టోబరు చివర ఒక వారం అమెరికాకూ వాళ్లకూ మామూలు తేడా ఉండదు. అరిజోనాలో చాలావరకు అసలు గడియారాలే మార్చరు.

రాత్రి కాల్‌లో కూర్చునేవాళ్లు రోజూ వాళ్లే కాకుండా వంతులు వేసుకోండి. రాత్రి పదింటిదాకా మాట్లాడిన మనిషికి మర్నాడు పొద్దున స్టాండప్ తప్పనిసరి చేయడం అన్యాయం.

ప్రశ్న: మా కంపెనీలో మినిట్స్ (మీటింగులో ఏం తేలిందో రాసే నమోదు) రాసే పని నాది. మూడు పేజీలు రాస్తాను. ఎవరూ చదవరు. ఎలా రాయాలో చెప్పండి.
– ఆఫీస్ అసిస్టెంట్, ఆటోనగర్, విజయవాడ

మీ కష్టం అర్థమైంది. మీరు పంపిన నమూనాలో ఇలా ఉంది: "డెలివరీ ఆలస్యాల గురించి కూలంకషంగా చర్చించడం జరిగింది. సంబంధిత విభాగం తగు చర్యలు తీసుకోవాలని నిర్ణయించడం జరిగింది." ఎవరు చేయాలి, ఏం చేయాలి, ఎప్పటికి చేయాలి – మూడూ ఇందులో లేవు. చదివినవాళ్లు తమ గురించి కాదనుకుని పక్కన పెడతారు.

అదే సంగతిని ఇలా రాయండి: "గుంటూరు, ఏలూరు ఆర్డర్లు మధ్యాహ్నం 2 లోపు వస్తే ఆ రోజే పంపాలి. 2 దాటితే మర్నాడు పొద్దున మొదటి బండికి. అమలు 12వ తేదీ సోమవారం నుంచి. బాధ్యత డిస్పాచ్ సూపర్‌వైజర్ ఫలానా గారిది. ఎలా నడుస్తోందో 26న చూడాలి." ఐదు చిన్న వాక్యాలు. చివరి వాక్యం చాలామంది వదిలేస్తారు. తిరిగి చూసే రోజు రాయకపోతే ఆ నిర్ణయం నాలుగు రోజులు నడిచి ఆగిపోతుంది.

మొత్తం అర పేజీ దాటకూడదు. పైన తేదీ, హాజరైనవాళ్లు. తరువాత నిర్ణయాలు. ఆ తరువాత పనుల పట్టిక. చివర "ఇంకా తేలనివి". ఎవరు ఏమన్నారో రాయొద్దు, ఒక్క సందర్భంలో తప్ప: ఎవరైనా అభ్యంతరం చెప్పి, దాన్ని నమోదు చేయమని అడిగితే.

ఇంటికెళ్లి రాయకండి. మీటింగ్ జరుగుతుండగానే టీవీ తెర మీద అందరికీ కనిపించేలా టైపు చేయండి. చివరి ఐదు నిమిషాలు మీవి. ఒక్కొక్క వాక్యం పైకి చదవండి. పేరున్నవాళ్లు "అవును" అనాలి. అప్పుడే "నేను అలా అనలేదు" అన్నవి బయటపడతాయి, అప్పుడే దిద్దుకోవచ్చు. ఈ పని మన పల్లెల్లో పొదుపు సంఘాల మహిళలు ఎన్నో ఏళ్లుగా చేస్తున్నారు. క్రమంగా సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, అప్పుల తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అన్న పంచసూత్రాల్లో పుస్తకం కూడా ఒక సూత్రమే. తీర్మానం అక్కడే రాసి, చదివి వినిపించి, సంతకాలు పెట్టాకే లేస్తారు. ఆఫీసులు వాళ్లను చూసి నేర్చుకోవచ్చు.

డ్రైవర్లు, ప్యాకింగ్ వాళ్లు చేయాల్సిన పనులను తెలుగులోనే రాయండి. చేసేవాళ్లు చదవలేని మినిట్స్ ఎవరి కోసం? రికార్డు చేసి సారాంశం రాసిపెట్టే సాధనాలు వాడుతుంటే అందరికీ ముందే చెప్పి వాడండి. తెలుగు, ఇంగ్లీషు కలిపి మాట్లాడే మన మీటింగుల్లో అవి పేర్లనూ అంకెలనూ తప్పుగా రాసే ప్రమాదం ఉంది, కాబట్టి ఆ రెండింటినీ తప్పక సరిచూడండి.

మీది ప్రైవేట్ లిమిటెడ్ అన్నారు కాబట్టి ఇంకో మాట. ఇప్పటిదాకా చెప్పింది మామూలు పని మీటింగుల గురించి. డైరెక్టర్ల బోర్డు మీటింగ్ మినిట్స్ వేరు. కంపెనీల చట్టం, 2013 ప్రకారం బోర్డు మీటింగుకు కనీసం 7 రోజుల నోటీసు ఇవ్వాలి. ఏడాదికి కనీసం 4 జరగాలి, రెండింటి మధ్య 120 రోజులకు మించి ఖాళీ ఉండకూడదు. చిన్న కంపెనీలకు ఆరు నెలలకొకటి చాలు, కాకపోతే రెండింటి మధ్య కనీసం 90 రోజుల ఎడం ఉండాలి. మినిట్స్ 30 రోజుల్లోపు మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి. అవి మీ కంపెనీ సెక్రటరీ, లేదా ఆడిటర్ గారు చెప్పిన పద్ధతిలోనే రాయండి.

ప్రశ్న: మా ప్రిన్సిపాల్ గారు శనివారం స్టాఫ్ మీటింగులో గంటసేపు ఆయనే మాట్లాడతారు. 40 మంది లెక్చరర్లం వింటాం. ఆయన మంచివారే. ఎలా చెప్పాలి?
– లెక్చరర్, జూనియర్ కాలేజీ, గుంటూరు

మీటింగులో చెప్పకండి, విడిగా చెప్పండి. ఫిర్యాదులా కాకుండా ఆయన బరువు తగ్గించే మాటలా చెప్పండి: "సర్, ఈ వారం ఎజెండా నేను తయారుచేసి శుక్రవారం మీకు చూపిస్తాను." చాలామంది పెద్దలు గంట మాట్లాడేది ఎజెండా లేకపోవడం వల్లే, గదిలోని ఖాళీని తామే నింపాలనుకుంటారు.

ఆయన చెప్పేవాటిలో పరీక్షల టైంటేబుల్, ఫీజు జాబితాలు, సెలవుల వంటివి సర్క్యులర్‌గా వెళ్లొచ్చు. మిగిలినవాటిని ప్రశ్నలుగా రాయండి. "హాజరు" అని రాస్తే ఉపన్యాసం వస్తుంది. "సెకండియర్ ఎంపీసీలో శనివారం హాజరు తగ్గుతోంది, ల్యాబ్‌ను శనివారానికి మార్చాలా?" అని రాస్తే జవాబులు వస్తాయి. 40 మంది ఒకేసారి చర్చించలేరు. నలుగురేసి పది గుంపులుగా ఏడు నిమిషాలు మాట్లాడుకుని, గుంపుకో చీటీ రాసివ్వమనండి. చదివేటప్పుడు అందరికన్నా జూనియర్లున్న గుంపుతో మొదలుపెట్టండి, ప్రిన్సిపాల్ గారు చివర మాట్లాడాలి. ఆయన ముందే అభిప్రాయం చెప్పేస్తే, దానికి ఎదురుచెప్పడం మన దగ్గర అమర్యాద కింద లెక్క. కొత్తగా చేరిన లెక్చరరుకు తెలిసిన సంగతి ఆ గదిలోకి రాదు.

ప్రశ్న: ఆరుగురం కాన్ఫరెన్స్ రూములో, నలుగురు ఇంటి నుంచి. ఒకటే ప్రతిధ్వని. ఇంట్లో ఉన్నవాళ్లు ఏమీ అర్థం కావడం లేదంటారు.
– ప్రాజెక్ట్ కోఆర్డినేటర్, మాదాపూర్

రూములో రెండు లాప్‌టాప్‌లు ఆడియోతో చేరితే ఒకదాని స్పీకరులోంచి వచ్చిన మాట రెండోదాని మైకులోకి వెళ్తుంది, అదే ప్రతిధ్వని. రూములో ఒక్క పరికరానికే మైకు, స్పీకరు ఉండాలి, వీలైతే బల్ల మధ్యలో పెట్టే స్పీకర్‌ఫోన్. మిగతావాళ్లు లాప్‌టాప్ తెరవొచ్చు, కానీ ఆడియో లేకుండా చేరాలి. మైకు మ్యూట్ చేస్తే సరిపోదు, స్పీకరు కూడా ఆపాలి. ఫ్యాన్ కింద మైకు పెట్టకండి. ప్రతి అంశం దగ్గరా ముందు ఇంట్లో ఉన్న నలుగురినీ పేరుపెట్టి అడిగి, తరువాతే రూములోవాళ్లను అడగండి. వైట్‌బోర్డు మీద గీసింది వాళ్లకు కనిపించదు, షేర్ చేసిన ఫైలులోనే రాయండి.

ప్రశ్న: మా మేనేజర్ తరచూ సాయంత్రం ఆరున్నరకి మీటింగ్ పెడతారు. పాపని ఏడింటికి డే కేర్ నుంచి తీసుకురావాలి. రోజూ సంజాయిషీ చెప్పుకోవడం ఇబ్బందిగా ఉంది.
– అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్, హైదరాబాద్

సంజాయిషీ అక్కర్లేదు. క్యాలెండరులో మీ పనివేళలు నమోదు చేసి, ఆరు తరువాత మూసేయండి. మేనేజర్‌తో ఒకేసారి మాట్లాడి రెండు వేరే వేళలు ఇవ్వండి, ఉదాహరణకు పొద్దున 11, మధ్యాహ్నం 3. చాలామంది ఆరున్నరకి పెట్టేది అప్పటికి గానీ వాళ్ల క్యాలెండరు ఖాళీ అవదు కాబట్టి. తప్పనిసరైన రోజు మీ అంశాన్ని మొదట పెట్టమనండి, లేదా మీ అభిప్రాయాన్ని నాలుగింటికల్లా రాసి పంపి, ఏం తేలిందో మెయిల్‌లో అడగండి.

ఈ శీర్షిక చదివే మేనేజర్లకు మా విన్నపం: పనివేళల చివరి గంటలో నిర్ణయాల మీటింగ్ పెట్టొద్దు. ఇంటికి వెళ్లాల్సిన తొందరలో ఉన్నవాళ్లు దేనికైనా సరేనంటారు, ఆ సరేకి విలువ ఉండదు. రోజంతా ఒకదాని వెంట ఒకటి మీటింగులుంటే గూగుల్ క్యాలెండరులోనూ, అవుట్‌లుక్‌లోనూ మీటింగులను తగ్గించే సెట్టింగ్ ఉంది. అరగంటది 25 నిమిషాలకు, గంటది 50కి కుదించొచ్చు. ఆ మిగిలిన నిమిషాల్లో మంచినీళ్లు తాగి, ముందరి మీటింగ్ పనులు రాసుకోవచ్చు.

ప్రశ్న: నాకు ఆరు బట్టల షాపులున్నాయి. రాత్రి తొమ్మిదిన్నరకి షట్టర్లు వేశాక మేనేజర్లందరితో జూమ్‌లో గంట మాట్లాడతాను. అందరూ అలసిపోయి ఉంటారు. మానేస్తే పట్టు తప్పుతుందేమోనని భయం.
– వ్యాపారి, రాజమహేంద్రవరం

ఆ గంటలో ఎక్కువభాగం అమ్మకాల అంకెలు చదవడమే అని మీరే రాశారు. ఒక్కో షాపు మేనేజరు షట్టరు వేసే ముందు ఐదు అంకెలు షీటులో వేస్తే చాలు: నగదు, కార్డు, యూపీఐ, రిటర్నులు, బిల్లుల సంఖ్య. షీటు మీరు పొద్దున కాఫీతో చూసుకోవచ్చు. అంకె తేడాగా ఉన్న ఒక్క షాపుకి ఫోన్ చేయండి.

రాత్రి మీటింగ్ రెండు వారాలు ఆపి చూడండి. ఆ రెండు వారాల్లో ఏ ఏ విషయాల కోసం మేనేజర్లు మీకు ఫోన్ చేశారో ఒక కాగితం మీద రాసుకోండి. ఏవి మళ్లీ మళ్లీ వస్తాయో వాటికే మీటింగ్ అవసరం. మీ వ్యాపారంలో అవి మూడు నాలుగు అయ్యుంటాయి: ఒక షాపులో కదలని సరుకును ఇంకో షాపుకు పంపడం, శ్రావణమాసం, సంక్రాంతి, పెళ్లిళ్ల సీజనుకు కొనుగోళ్లు, సిబ్బంది సెలవులు. వాటికి వారానికి ఒకరోజు, జనం పలచగా ఉండే మంగళవారం పొద్దున 11కి, 45 నిమిషాలు చాలు. ఒక్కో మేనేజరు 45 రోజులుగా కదలని ఐదు రకాలు రాసుకుని రావాలి. వేరే షాపు మేనేజరు "అది నాకు పంపండి" అంటే అక్కడికక్కడే ఏ రోజు ఏ బండిలో వెళ్తుందో రాసేయండి.

ఇంకోటి పెట్టండి. ప్రతి షాపులో క్యాష్ కౌంటరు దగ్గర ఒక నోటు పుస్తకం. కస్టమరు అడిగింది మన దగ్గర లేక బేరం పోయిన ప్రతిసారీ సేల్స్ పిల్లలు ఒక లైను రాయాలి: ఏం అడిగారు, ఏ రంగు, ఏ ధరలో. తిట్టకుండా రాయించండి, లేకపోతే పుస్తకం ఖాళీగా ఉంటుంది. అమ్మకాల షీటులో అమ్మినవే కనపడతాయి, అమ్మలేకపోయినవి కనపడవు. ఆరు పుస్తకాలు పక్కపక్కన పెడితే, ఒక షాపులో కస్టమరును ఖాళీ చేతులతో పంపిన చీర ఇంకో షాపు గోడౌన్‌లో మడత విప్పకుండా పడి ఉందని తెలిసిపోతుంది. మంగళవారం ముందు తెరవాల్సింది ఆ పేజీలే.